సిమ్ లేని ట్యాబ్, నల్లమల దారి: ఆఫ్‌లైన్ మ్యాప్స్ ఎంతవరకు పనికొస్తాయి

కారులో దారి చూసుకోడానికి ట్యాబ్ కొనాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. సిమ్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. "వై-ఫై మోడల్‌లో మ్యాప్స్ రావు సార్, సిమ్ ఉన్నది తీసుకోండి" అని షాపులో చెప్తారు, ఆ మాట నమ్మి నాలుగైదు వేలు ఎక్కువ పెట్టేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సంకేతాలు పంపుతుంటాయి, ట్యాబ్ వాటిని అందుకుని తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. దానికి టవర్ అక్కర్లేదు, డేటా ఖర్చు కాదు. కావాల్సిందల్లా లోపల జీపీఎస్ చిప్ ఉండటం. ఐప్యాడ్‌లలో వై-ఫై మోడల్‌కు అది ఉండదు, సెల్యులార్ మోడల్‌కే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో చాలా వై-ఫై ట్యాబ్‌లకు ఉంటుంది కానీ అన్నిటికీ ఉండదు, కాబట్టి డబ్బు కట్టే ముందు స్పెసిఫికేషన్లలో జీపీఎస్, గ్లోనాస్ (రష్యాది), గెలీలియో (యూరప్‌ది) లాంటి ఉపగ్రహ వ్యవస్థల పేర్లు ఉన్నాయో లేదో మీరే చదువుకోండి, ఎవరినీ అడగొద్దు.

నేను వాడేది ఎనిమిదిన్నర అంగుళాల పైచిలుకు ఆండ్రాయిడ్ ట్యాబ్, వై-ఫై మాత్రమే. ఎక్కువగా హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో వాడతాను, ఎందుకంటే ఆఫ్‌లైన్ మ్యాప్స్‌కు (ముందే దించుకుని నెట్ లేకుండా వాడుకునేవి) అంతకన్నా మంచి పరీక్ష మన దగ్గర తక్కువ. డిండి దాటేదాకా ఫోన్ చాలు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి అమ్రాబాద్ పులుల అడవిలోకి వెళ్లాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, చాలా దూరం అసలే ఉండదు. వటవర్లపల్లి దగ్గర మల్లెల తీర్థం జలపాతానికి ఎక్కడ తిరగాలో, దోమలపెంట ఇంకా ఎంత దూరమో, ఘాట్ ఎక్కడ మొదలవుతుందో, అన్నీ తెలియాల్సింది సరిగ్గా నెట్ లేని చోటే.

ముందుగా గూగుల్ మ్యాప్స్. ఇంట్లో వై-ఫై ఉన్నప్పుడు కావాల్సిన ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకుంటే అడవిలోనూ కారు దారి చక్కగా చూపిస్తుంది, వాయిస్ కూడా చెప్తుంది. కానీ ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ ఉండదు, వేరే దారులు చూపించదు, నడిచి వెళ్లే దారి అసలే చెప్పదు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: డౌన్‌లోడ్ చేసిన మ్యాప్‌కు గడువు ఉంటుంది. రోజూ నెట్‌లో ఉండే ఫోన్‌లో అదే అప్‌డేట్ అయిపోతుంది కాబట్టి తెలియదు, ట్యాబ్ అలా కాదు, నెలల తరబడి స్విచాఫ్‌లో బీరువాలో పడి ఉంటుంది. అందుకే బయల్దేరే ముందురోజు రాత్రి ట్యాబ్ ఆన్ చేసి, వై-ఫైకి కలిపి, ఆఫ్‌లైన్ మ్యాప్స్ పేజీలో తేదీ చూడటం తప్పనిసరి.

నా ఓటు మాత్రం ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌కే. ఉచితం, యాడ్స్ లేవు, తెలంగాణ ఒకటి, ఆంధ్రప్రదేశ్ ఒకటి రాష్ట్రాల వారీగా దించుకుంటే చాలు, గడువు గొడవ లేదు. ఇందులోని మ్యాప్ అంతా ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌ది, అంటే మనలాంటివాళ్లు ఎక్కించిన సమాచారం. అడవిలో కాలిబాటలు, చిన్న గుళ్లు, వాగులు గూగుల్‌లో కనపడనివి ఇందులో చాలాసార్లు కనిపిస్తాయి, నడక దారి కూడా నెట్ లేకుండానే చెప్తుంది. కారు దిగి శ్రీశైలం వీధుల్లో తిరిగేటప్పుడు ఇదే అక్కరకొస్తుంది. అయితే బంకులు, హోటళ్ల విషయంలో గూగుల్‌దే పైచేయి. ఇందులో లేనిది కనిపిస్తే యాప్ లోంచే మనం చేర్చవచ్చు, నేను చేరుస్తుంటాను, మీరూ చేర్చండి, మన ఊళ్ల మ్యాప్ మనం నింపకపోతే ఇంకెవరు నింపుతారు? ఆస్మ్‌యాండ్ (OsmAnd) అనే ఇంకో మ్యాప్ యాప్ కూడా వాడి చూశాను. సెట్టింగులు బోలెడు, ట్రెక్కింగ్ వాళ్లకు బాగుంటుంది. డ్రైవింగ్‌కు అంత అవసరం లేదు, పైగా ఉచిత వెర్షన్‌లో ఎన్ని మ్యాపులు దించుకోవచ్చో పరిమితి ఉంది.

ఏ యాప్ అయినా ఆఫ్‌లైన్‌లో వెతకడం దగ్గర కాస్త ఇబ్బంది పెడుతుంది. నెట్ ఉంటే స్పెల్లింగ్ తప్పు కొట్టినా సర్దుకుంటుంది, లేకపోతే ఈ దారిలోని ఈగలపెంటను ఇంగ్లిష్‌లో ఎలా రాశారో అలాగే కొట్టాలి, 'ఇ'తో మొదలైందా 'డబుల్ ఇ'తోనా అని వెతుక్కుంటూ కూర్చోవాలి. దీనికి మందు సులువే, వెళ్లే చోట్లన్నీ ఇంట్లోనే బుక్‌మార్క్ చేసుకోండి.

మ్యాప్ చెప్పని విషయం ఒకటి చెప్పి తీరాలి. ఈ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. రోడ్డు తెరిచే ఉన్నట్టు తెర మీద నీలం గీత కనిపిస్తుంది, చేరే టైమ్ కూడా వేస్తుంది, అది నమ్మి సాయంత్రం ఆలస్యంగా బయల్దేరితే పిల్లలతో గేటు దగ్గర తెల్లవారేదాకా ఉండాల్సి వస్తుంది. చెక్‌పోస్ట్‌కు చీకటి పడకముందే చేరేలా లెక్క వేసుకోండి.

చాలా రోజులు ఆఫ్‌లో ఉన్న ట్యాబ్ మొదటిసారి లొకేషన్ పట్టుకోడానికి టైమ్ తీసుకుంటుంది. నెట్ ఉంటే ఉపగ్రహాల వివరాలు అందులోంచి క్షణాల్లో తెచ్చుకుంటుంది, లేకపోతే నేరుగా ఉపగ్రహం నుంచే నెమ్మదిగా దించుకోవాలి, పైన చెట్ల కొమ్మలు కప్పేసి ఉంటే ఇంకా ఆలస్యం. కాబట్టి ఇంటి దగ్గరే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, నీలం చుక్క స్థిరపడ్డాక బయల్దేరండి. ఘాట్ మలుపుల్లో బాణం గుర్తు ఒక్కోసారి పక్క వంపులోకి దూకుతుంది, కంగారు పడొద్దు, కాస్త ముందుకెళ్లగానే సర్దుకుంటుంది.

సైజు విషయానికొస్తే ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూ సరిపోతుంది. పది అంగుళాలది డ్యాష్‌బోర్డ్ మీద పెడితే రోడ్డుకే అడ్డం. ఏసీ వెంట్‌కు తగిలించే ఫోన్ హోల్డర్లు ట్యాబ్ బరువు ఆపలేవు, డ్యాష్‌బోర్డ్‌కు అంటుకునే గట్టి స్టాండ్ కొనండి. నావిగేషన్ కోసం ఫోన్ లాంటి పరికరం వాడుకోవచ్చని 2020 అక్టోబర్ నుంచి మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, కానీ డ్రైవర్ ధ్యాస చెదరకూడదు, అందుకని దారి మార్చడాలు, వెతకడాలు పక్క సీట్లో ఉన్నవాళ్లకు అప్పగించండి. అసలు ట్యాబ్ కొన్నందుకు నాకు ఎక్కువ నచ్చింది ఇదే. మా ఆవిడ ఒళ్లో పెట్టుకుని వచ్చే ఊరు, దారిలో వాగు, వ్యూ పాయింట్ చెప్తూ ఉంటే వెనక పిల్లలు కూడా తొంగి చూస్తారు. నా ఫోన్ కాల్స్‌కు ఖాళీగా ఉంటుంది.

ఇబ్బంది ఎండతోనే. బడ్జెట్ ట్యాబ్‌ల బ్రైట్‌నెస్ మధ్యాహ్నం ఎండకు చాలదు. ఏప్రిల్, మే నెలల్లో అద్దం వెనక పెడితే వేడెక్కి చార్జింగ్ ఆగిపోతుంది, ఏసీ గాలి తగిలేలా పెట్టుకోవాలి. పాత కార్లలోని యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంట్ ట్యాబ్‌కు ఏ మూలకూ రాదు, గుచ్చి ఉన్నా బ్యాటరీ తగ్గుతూనే ఉంటుంది. 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే ఫాస్ట్ చార్జర్ విడిగా కొనుక్కోండి. బైక్ మీద వెళ్లేవాళ్లయితే ట్యాబ్ జోలికి పోవద్దు, ఇవే యాప్‌లు ఫోన్‌లో వేసుకోండి.