మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్ సినిమాలు దేంతో మొదలెట్టాలి: 'స్వయంవరం'తోనా, 'ఎలిప్పత్తాయం'తోనా?

రెండింట్లోనూ మన తెనాలి శారదే ఉన్నారు.

'స్వయంవరం' (1972): నలుపు తెలుపు. ఇల్లు వదిలొచ్చిన జంట, అద్దె ఇల్లు, ఉద్యోగం వేట. సబ్‌టైటిళ్లు ఉంటే చాలు. శారదకు రెండో జాతీయ ఉత్తమ నటి అవార్డు దీనికే.

'ఎలిప్పత్తాయం' (1981): అడూర్ తొలి రంగుల చిత్రం. కథ కోసం చూస్తే విసుగే. దారిలో బురద కనిపిస్తే వెనుదిరిగే ఇంటి పెద్ద ఉన్ని, ఎలుకని బోనుతో సహా చెరువులో ముంచే అతని చెల్లెలు... ఇలాంటివి పట్టుకోవాలి, ఫోన్ చేతిలో ఉంటే దాటిపోతాయి. కేరళ నాయర్ల తరవాడుల్లో (ఉమ్మడి కుటుంబాల్లో) ఆస్తి ఆడవాళ్ల వైపు నుంచి సంక్రమించేదని ముందే తెలియాలి, లేకపోతే అక్క వాటా అడగడం ఉత్త గొడవలా కనిపిస్తుంది.

సమాంతర సినిమా (ఆర్ట్ సినిమా) కొత్తయితే మొదటిది. ఒకటే చూసే తీరికుంటే, ఓపికుంటే, నిస్సందేహంగా రెండోది.