గేర్‌బాక్స్ దింపక్కర్లేదని తేల్చిన ఆటోనగర్ షెడ్డు

మా 2009 ఆటోమేటిక్ కారు కింద రోజూ పొద్దున్నే ఎర్రటి చుక్కలు. ఏసీ నీళ్లు కావు, పాత ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉండాలి, ఇది వేలికి పల్చగా, ఎర్రగా అంటుతోంది, గేర్‌బాక్స్ ఆయిలే అనిపించింది. ముందు చూపించిన గ్యారేజీలో లిఫ్ట్ కూడా ఎక్కించకుండానే గేర్‌బాక్స్ దింపాలన్నారు, ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు.

తర్వాత గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాను. ఐదు స్టార్లు వీళ్లకే. మేస్త్రి ముందు అడుగుభాగమంతా కడిగి ఆరబెట్టారు, ఎందుకంటే బండి నడిచేటప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, కారేది ఒకచోట, కనబడేది ఇంకోచోట. ఆయిల్ బాగా వేడెక్కాలని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సింహాచలం ఘాట్ ఎక్కించి దించారు. తిరిగొచ్చాక టార్చి వేసి తడి జాడ పట్టుకుని పైకి వెళ్తే, గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌కి తీసుకెళ్లే కూలర్ గొట్టం దగ్గర లీకు తేలింది. రబ్బరు గట్టిపడి బీటలిచ్చింది, క్లాంపు తుప్పు పట్టింది (సముద్రపు గాలి మరి). ఆయిల్ కారే అవకాశమున్న మిగతా చోట్లు, అంటే పాన్ గ్యాస్కెట్ (గేర్‌బాక్స్ అడుగు తొట్టి అంచున ఉండే పట్టీ), యాక్సిల్ సీళ్లు పొడిగా ఉన్నాయని నాకూ చూపించారు. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి, కూలెంట్‌లో ఆయిల్ కలవలేదని కూడా చూసుకున్నారు, ఇది చాలామంది చూడరు.

ఆయిల్ వెళ్లే, తిరిగొచ్చే గొట్టాలు రెండూ మార్చి, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిలే పోశారు. శనివారం మాత్రం వెళ్లకండి, బాగా రద్దీ. నెల దాటింది, కారు కింద పరిచిన అట్టముక్క మీద ఒక్క మరక లేదు.