టెంకాయ లేచింది సరే, హేతువేది?

అనంతపురం పక్క పల్లెలో మా మామ చేన్లో బోరు పాయింట్ చూస్తున్నారు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని ఒకాయన నడుస్తుంటే, ఒకచోట అది నిలువుగా లేచింది. "చూడు అల్లుడా, ఇంతకన్నా ఆధారం ఏం కావాల?" అన్నాడు మామ.

ఆధారమంటే కంటికి దొరికేది: లేచిన టెంకాయ, పక్క చేన్లో పడిన నీళ్లు. హేతువంటే ఆ దొరికినదాన్ని మన మాటకు ముడివేసేది. మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోని ఉదాహరణ చూడండి. కొండమీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది. పొగ కనబడుతుంది. 'పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది' అనే వ్యాప్తి, అంటే రెండూ తప్పకుండా కలిసుంటాయన్న నియమం, మాత్రం కనబడదు, దాన్ని వాదించి నిలబెట్టుకోవాలి. (తమాషా ఏమంటే, ఆ తర్కం చెప్పే నైయాయికులు పొగనే హేతువంటారు. నేను వాడుతున్నది మన వాడుక అర్థం.)

టెంకాయకు ఆ వ్యాప్తే లేదు. అది లేచినా నీళ్లు పడని బోర్లను ఎవరూ లెక్కపెట్టరు. జియాలజిస్టు భూమిలోకి కరెంటు పంపి రీడింగు తీస్తాడు. గట్టిరాతిలో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి, నీళ్లున్న పగులు దగ్గర కరెంటుకు నిరోధం తగ్గుతుంది అని కారణం చెప్తాడు. ఆయన లెక్కా తప్పుతుంది, కానీ ఎక్కడ తప్పిందో వెతకొచ్చు.

ఆధారం చేతులెత్తేసే చోటు ఇంకొకటుంది. పక్కోళ్ల బోరు ఎండిపోయేలా మనం బోరు వెయ్యొచ్చా? వాళ్ల నీటిమట్టం ఎన్ని అడుగులు దిగిందో కొలవొచ్చు. 'వెయ్యకూడదు' అన్నది ఏ కొలతలోనూ రాదు. 'ఉంది' నుంచి 'ఉండాలి'కి ఎలా దూకారని 1740లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అడిగింది ఇదే.

మామకు ఇదంతా చెప్తే, "ముందు నీళ్లు పడనీ అల్లుడా" అన్నాడు.