డబ్లిన్‌లో ముఖం చూపని యజమాని, చెయ్యి వదలని మేయర్

డబ్లిన్ వెళ్లేవారికి ముందే చెబుతున్నాను, యజమాని కంటికి కనబడని గది మాత్రం తీసుకోకండి. మేము రెండు రాత్రులకు 296 యూరోలు పోశాం. తలుపు పక్కనున్న డబ్బాలో నాలుగు అంకెలు నొక్కితే తాళంచెవి వస్తుంది, స్వాగతం అంతే. రాత్రి పదింటికి హీటర్ ఆగిపోయింది. ఫోను చేస్తే ఎత్తరు. సందేశం పెడితే, మీ అభిప్రాయం మాకు విలువైనదని జవాబు! మా ఆవిడ కోటు మీద దుప్పటి, దాని మీద కిటికీ తెర కూడా కప్పుకుని, తెల్లవార్లూ నాతో మాట్లాడలేదు. గది చవకగా దొరికిందని మురిసిపోయింది నేనే మరి. పొద్దున ఖాళీ చేసి రెండు పెట్టెలు సాయంత్రం దాకా అక్కడే ఉంచితే, పెట్టెకు 8 యూరోలు వేరే.

ఆ మంటతోనే గ్లాస్‌నెవిన్ శ్మశానానికి బస్సెక్కాం. బస్సు చార్జీకి వాడే లీప్ కార్డుంటే 2 యూరోలకు 90 నిమిషాలు తిరగవచ్చు. శ్మశానంలోకి ప్రవేశం ఉచితం. “ఇంత దూరం వచ్చి సమాధులా?” అంది మా ఆవిడ. ఆ రోజు ఆమె మొదటి మాట అదే.

నేను వెతికింది ఒకప్పటి డబ్లిన్ మేయర్ ఆల్ఫీ బర్న్ సమాధి. అడగ్గానే అక్కడి ఉద్యోగి పటం మీద పెన్నుతో దారి గీసి, మలుపు దాకా తోడు వచ్చాడు. ఆ ఊళ్లో మమ్మల్ని మనుషుల్లా చూసిన మొదటివాడు.

బర్న్ 1882లో పుట్టాడు, టాల్బట్ వీధిలో బారు నడిపాడు. 1914 నాటికి నగర కౌన్సిల్ సభ్యుడు, మరుసటి ఏడాది బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, 1922 నుంచి ఐర్లండ్ పార్లమెంటు దిగువసభ డాయిల్‌లో. డబ్లిన్ మేయర్‌ను, అంటే లార్డ్ మేయర్‌ను, నగర కౌన్సిలర్లు ఏటా ఎన్నుకుంటారు. ఏ పార్టీ అండా లేని ఈయన 1930 నుంచి 1939 దాకా వరుసగా తొమ్మిదిసార్లు గెలిచాడు, 1954లో పదోసారి. కనబడిన ప్రతివాడికీ చెయ్యి కలిపేవాడని ‘షేకింగ్ హ్యాండ్ ఆఫ్ డబ్లిన్’ అని పేరు పెట్టారు. ఓట్ల కోసమే అనుకోండి, చెయ్యి మాత్రం చాచాడు కదా! 1956లో పోయాడు.

సాయంత్రం డాసన్ వీధిలో మాన్షన్ హౌస్ చూశాం. 1715 నుంచి మేయర్ల నివాసం, బయటినుంచి చూస్తే చాలు. పక్క సందులో వేడి సూపు, గోధుమ రొట్టె ఇద్దరికీ 17 యూరోలు. మా ఆవిడ అప్పుడే నవ్వింది.

పెట్టెల 16 యూరోలు తిరిగి ఇవ్వమని పెట్టిన మూడో సందేశానికి ఇంకా జవాబు లేదు.