రేణిగుంట రోడ్డు టూస్ట్రోక్ షెడ్డు: ఇంజిన్‌కు వెళ్లండి, పెయింట్‌కు వద్దు

తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డులో, ఒక లేత్ వర్క్స్ వెనక సందులో ఉంటుంది ఈ షెడ్డు. బోర్డు లేదు. ట్యాంకులు ఊడదీసిన ఆర్ఎక్స్ 100లు నాలుగైదు బయట నిలబడి ఉంటే అదే అనుకోవాలి. పాత యమహా టూస్ట్రోక్‌లు, అంటే పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి నడిపే బండ్లు, తప్ప వేరేవి ముట్టరు. స్ప్లెండర్ తోసుకుంటూ వస్తే పక్క షెడ్డు చూపిస్తారు. మేస్త్రి ఒకరు, కుర్రాళ్లు ఇద్దరు.

ముందు సామాను ధర సంగతి, ఎందుకంటే ఈ షెడ్డు విలువ అక్కడే తెలుస్తుంది. ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. జపాన్‌లో పాత స్పోర్ట్స్ కార్లకు ఇలాగే సామాను దొరకనప్పుడు కంపెనీలే దిగొచ్చాయి. నిస్సాన్ 2017లో ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్‌కు, టయోటా 2020 నుంచి ఏ70, ఏ80 సుప్రాలకు కొన్ని విడిభాగాలు మళ్లీ అమ్మడం మొదలుపెట్టాయి. అవేమీ చవక కాదు, కానీ సైజు నమ్మకం. మన బండికి ఉన్నవి మూడే దారులు: ఎవరి బీరువాలోనో మిగిలిన పాత స్టాకు, చెన్నై పుదుపేటలో విప్పిన సామాను, లేదంటే డూప్లికేట్. మొదటిది రోజురోజుకూ తగ్గుతోంది, అడిగేవాళ్లు పెరుగుతున్నారు. ‘జపాన్’ అని గుద్ది ఉంటే రేటు ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆ గుద్దుడు ఇప్పుడు డూప్లికేట్ మీద కూడా వస్తోంది. అక్షరాల అంచులు పదునుగా, లోతు ఎక్కువ తక్కువలుగా ఉంటే ఆ పెట్టె అక్కడే వదిలేయడం మంచిది.

ఈ షెడ్డు లెక్క వేరు. కొత్తది వెతకడానికి ముందు పాతది బతుకుతుందా అని చూస్తారు. ‘‘పారేయబాకన్నా, సంచిలో వేసుకోని పో’’ అనేది మేస్త్రి నోట రోజుకు పదిసార్లు వినిపించే మాట. విప్పిన ప్రతి ముక్కా తిరిగి చేతికిస్తారు, అడగకుండానే. ఊళ్లో ఎక్కువ చోట్ల పాత ఒరిజినల్ కార్బొరేటర్, పాత సైలెన్సర్ ‘పనికిరాదు’ అనిపించుకుని మూల చేరతాయి, ఆ తర్వాత ఇంకెవరి బండికో తేలతాయి. ఆ భయం ఇక్కడ లేదు.

క్రాంక్ (పిస్టన్ ఊపును తిప్పుడుగా మార్చే ఇరుసు) పని వీళ్ల అసలు బలం. కనెక్టింగ్ రాడ్ పై చివరను అటూ ఇటూ ఆడించి చూస్తారు. కొత్తగా ఉన్నప్పుడు ఆ ఆట 0.8 నుంచి 1.0 మి.మీ. ఉంటుంది, 2 మి.మీ. దాటితే బిగ్ ఎండ్ (రాడ్ కింది చివర బేరింగ్) అయిపోయినట్టే. అప్పుడు క్రాంక్ మొత్తం మార్చరు. హైడ్రాలిక్ ప్రెస్‌లో విడదీసి రాడ్, పిన్, బేరింగ్, వాషర్లు కొత్తవి వేసి మళ్లీ కూర్చుతారు. కూర్చడం ఎవరైనా చేస్తారు, నిటారు చేయడం దగ్గరే తేడా. లేత్ సెంటర్ల మధ్య తిప్పుతూ రెండు చివరలా డయల్ గేజ్ పెట్టి, ఊగు 0.03 మి.మీ. లోపలికి వచ్చేదాకా రాగి సుత్తితో తట్టుతారు. ఒక్కోసారి దానికే పూట గడిచిపోతుంది. ఈ పని వదిలేసిన క్రాంక్ తొలి వెయ్యి కిలోమీటర్లు బాగానే నడుస్తుంది. తర్వాత హ్యాండిల్ బార్‌లో జుమ్మనే వణుకు మొదలవుతుంది, మెయిన్ బేరింగులు పోతాయి, వాటితో ఆయిల్ సీళ్లు (క్రాంక్ చివర్లలో గాలి, ఆయిల్ దాటకుండా ఆపే రబ్బరు రింగులు) చిరుగుతాయి.

సీళ్ల దగ్గర వీళ్లు చేసే పరీక్ష చుట్టుపక్కల ఇంకెక్కడా కనిపించదు. బ్లడ్ ప్రెషర్ చూసే పరికరంలోని రబ్బరు బల్బు, గేజ్ తీసుకుని ఇంజిన్‌కు తగిలిస్తారు. సైలెన్సర్ దారి, కార్బొరేటర్ దారి రబ్బరు బిళ్లలతో మూసి, ప్లగ్ రంధ్రం నుంచి గాలి కొడతారు. ముల్లు 300 దాకా ఎక్కాలి, అంటే దాదాపు 6 పీఎస్ఐ. ఐదారు నిమిషాలు అక్కడే నిలబడితే ఇంజిన్ గట్టిదే. జారితే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడొస్తోందో పట్టుకుంటారు. బేస్ ప్యాకింగ్ దగ్గరో, రీడ్ వాల్వ్ (కార్బొరేటర్ వెనక కవాటం) బిగించిన చోటో, మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీలు దగ్గరో కనిపిస్తుంది. మాగ్నెట్ వైపు లీకైతే బయటి గాలి లోపలికి పోయి మిశ్రమం పలచబడుతుంది. స్లోస్పీడు తనంతట తానే పెరుగుతుంది, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే కథ వేరు: గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లటి పొగ కక్కుతుంది, 650 మి.లీ. పోసిన ఆయిల్ నెల తిరగకుండానే సగమవుతుంది. ఈ రెండింటికీ పిస్టన్ రింగులు మార్చి డబ్బు తీసుకునే షెడ్లు బోలెడు. రింగులకూ ఈ జబ్బుకూ సంబంధమే లేదు.

బోర్ (సిలిండర్ లోపలి రంధ్రం) విషయంలో కూడా ఇదే పద్ధతి. స్టాండర్డ్ బోర్ 50 మి.మీ., స్ట్రోక్ కూడా 50. అరిగినప్పుడల్లా బోర్ పెద్దది చేసి వేసే పెద్ద పిస్టన్లు, అంటే ఓవర్‌సైజులు, 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. వరసలో పోతాయి, ఆ తర్వాత లోపల కొత్త గొట్టం (స్లీవ్) దించడమే గతి. అంటే సిలిండర్‌కు మిగిలినవి నాలుగు జన్మలు. 0.25తో సరిపోయే చోట నేరుగా 0.50 కొట్టేస్తే ఒక జన్మ గాలికి పోయినట్టే. ఇక్కడ ముందు బోర్ గేజ్‌తో పైనా కిందా, ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) దగ్గరా కొలిచి చెప్తారు. పిస్టన్ తెచ్చి చేతిలో పెట్టేదాకా బోర్ కొట్టరు, ఎందుకంటే ఒకే నంబరు పెట్టెల్లోని పిస్టన్లు కూడా మైక్రోమీటర్ కింద ఒక్కలా ఉండవు. బోర్ అయ్యాక పోర్టుల అంచులు చిన్న రాయితో మొద్దు చేస్తారు. ఐదు నిమిషాల పని. అది చేయకపోతే పదునైన అంచుకు రింగు తగులుకుని విరుగుతుంది, కొత్త పిస్టన్, కొత్త బోర్ రెండూ ఒక్క కిక్కుతో పాతవైపోతాయి. పిస్టన్ పిన్ జారకుండా పట్టే సర్క్లిప్పులు పాతవి మళ్లీ వేయరు. పది రూపాయల వస్తువు దగ్గర వీళ్లు పిసినారులు కాకపోవడం మెచ్చుకోవాలి.

కార్బొరేటర్ పాత మికునీ అయితే దాన్నే శుభ్రం చేసి వాడమంటారు, సరైన మాట. స్లైడ్ అరిగి ఆడుతుంటే తప్ప కొత్తది అనవసరం. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక ఫ్లోట్ నీడిల్ రబ్బరు, పెట్రోల్ పైపు త్వరగా ఉబ్బి మెత్తబడుతున్నాయి కాబట్టి ఆ రెండూ కొత్తవి వేస్తారు, మెయిన్ జెట్ (పెట్రోల్ కొలిచి వదిలే రంధ్రం) ఒక సైజు పెద్దది పెట్టి ప్లగ్ రంగు చూస్తారు. ఇటుక రంగు సరైనది, తెల్లబడితే ఆపేయాలి. బండి నెలకోసారి తీసేవాళ్లు ట్యాంకులో పెట్రోల్ సగం ఉంచి వదిలేయకూడదని కూడా చెప్తారు, కానీ ఎవరూ వినరు. తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇక తిట్టాల్సినవి.

పెయింట్, క్రోమ్ వీళ్లు చేయరు, బయటికి పంపుతారు. తిరిగొచ్చేది చూస్తే బాధేస్తుంది. ట్యాంకు సొట్టలు లాగకుండా పుట్టీ దట్టంగా పెట్టించిన బండ్లు రెండు మూడు అక్కడే కనిపించాయి. పీకాక్ బ్లూ అని చెప్పి ఇచ్చింది ఎండలో చూస్తే బస్సు నీలం. క్రోమ్ మరీ అన్యాయం: కింద నికెల్ పొర సరిగా లేకుండా పైన మెరుపు మాత్రం ఎక్కిస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ పడే వానలకు మడ్‌గార్డు మీద పొక్కులు లేస్తాయి. పాత క్రోమ్ యాభై శాతం బాగున్నా అలాగే ఉంచుకుని, ఇనుప పీచు కాకుండా అల్యూమినియం రేకు నలిపి నీళ్లతో రుద్దుకోవడం మేలు.

బిల్లు నోటితోనే చెప్తారు. ఇంజిన్ పూర్తిగా దించి, విప్పి, బిగించడానికి కూలి 6,500. క్రాంక్ ప్రెస్ పనికి 900, బోర్‌కు 600. సామానుతో కలిపి ఇంజిన్ ఒక్కటీ 15 నుంచి 20 వేల మధ్య తేలుతుంది. చేసే పనికి ఇది ఎక్కువేం కాదు. కానీ సామాను ఏ పెట్టెలోంచి వచ్చిందో కాగితం ఉండదు కాబట్టి ఖాళీ పెట్టెలు అడిగి తీసుకోండి. మూడు వారాలంటే ఆరు వారాలు. ఫోన్ చేస్తే ‘‘రేపన్నా’’. ఆ రేపు ఏ నెలలోదో అడక్కూడదు.

వైరింగ్ కూడా వీళ్ల చేతికి అంతగా లొంగదు. వేడెక్కాక స్పార్క్ పోయే బండికి సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చి పంపిస్తారు. ఇంజిన్‌లో కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్‌ను వేడిగా ఉన్నప్పుడు మీటరు పెట్టి చూడరు. ఆ పనికి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవడమే.

బండి ఆర్‌సీ సంగతిలో మాత్రం పక్కా. క్రాంక్‌కేస్ పగిలితే వేరే కేసు తెచ్చి నంబరు గుద్దే పనికి ససేమిరా ఒప్పుకోరు. ఆర్గాన్ వెల్డింగ్ చేయించి అదే కేసు బతికిస్తారు. ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది. 20 ఏళ్లు దాటిన బైకు రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 2,000 రూపాయలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఎవరైనా ఆశ చూపిస్తే నమ్మొద్దు, దానికి బండి వయసు 50 దాటాలి. మొదటి ఆర్ఎక్స్ 100కు కూడా 2035 దాకా ఆ యోగం లేదు.

బండి చేతికిచ్చేటప్పుడు 2టీ ఆయిల్ మొదటి 500 కిలోమీటర్లు లీటరుకు 40 మి.లీ., ఆ తర్వాత 30 కలపమంటారు. ఇంకో జాగ్రత్త కూడా చెప్తారు, చాలామంది నవ్వి వదిలేస్తారు: భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేయొద్దు. ఈ బండికి ఆయిల్ పెట్రోల్‌తోనే లోపలికి పోవాలి. మూస్తే చక్రం ఇంజిన్‌ను గిర్రున తిప్పుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం అందదు. కొత్త బోర్ అక్కడే పట్టేస్తుంది. రెండు మలుపులకోసారి క్లచ్ పట్టి ఒక రేజ్ ఇచ్చి దిగితే చాలు.