సమాధి రాయా, భూమి కాగితమా?

1847 నుంచి 1869లో రైలు వచ్చేదాకా బండ్ల మీదా కాలినడకనా అమెరికా పశ్చిమాన ఉన్న యూటా చేరిన మోర్మన్ (ఒక క్రైస్తవ శాఖ) పూర్వీకుల కోసం వెతికేవాళ్లకు మొదట తట్టేది శ్మశానమే. రాయి మీద పేరు, తేదీలు, పక్కనే భార్యాబిడ్డలు. ఒక్కోసారి పుట్టిన ఊరు కూడా ఉంటుంది, ఇంగ్లండులోనో డెన్మార్కులోనో. అది దొరికితే అక్కడి చర్చి రిజిస్టర్లకు దారి దొరికినట్టే.

చిక్కల్లా రాయి ఎప్పుడు పాతారన్నది. మనవలు చందాలేసుకుని పెట్టించిన రాయిలో తేదీ, వాళ్లకు గుర్తున్నంత వరకే నిజం. దారిలో పోయినవాళ్లలో చాలామందికి ఆ రాయీ లేదు. 1856లో చేతిబండ్లు లాక్కుంటూ మంచులో చిక్కిన విల్లీ దళంలో, వ్యోమింగ్‌లోని రాక్ క్రీక్ దగ్గర 13 మందిని ఒకే గోతిలో పూడ్చారు.

నాకు ఎక్కువ నమ్మకం హోమ్‌స్టెడ్ ఫైలు మీద, అంటే సాగుకోసం సర్కారు భూమి అడిగినవాళ్ల కాగితాల మీద. 1862 చట్టం ప్రకారం 160 ఎకరాల దాకా ఇచ్చేవారు. అయిదేళ్లు కాపురముండి సాగుచేశామని సాక్షులతో రుజువు చూపాలి. అందుకే ఇల్లెంత, దున్నిందెంత, కంచె వేశారా లేదా అన్నీ అందులో రాసుంటాయి. ఒక్క జాగ్రత్త: యూటాలో భూమి ఆఫీసు తెరిచిందే 1869లో. ఫైలు తేదీని వలస వచ్చిన తేదీ అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

నేనైతే ముందు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ నుంచి ఫైలు తెప్పించుకుని, తరవాతే శ్మశానానికి వెళతాను. చుట్టుపక్కల రాళ్ల మీది పేర్లు సాక్షుల పేర్లతో కలుస్తాయేమో చూడొచ్చు.