పేర్ల యాప్‌లో ‘జాస్మిన్’ పుట: మూడు వారాలు వాడి చూశాక

మా తమ్ముడి కూతురికి పేరు వెతికే పని ఇంట్లో నాకు అప్పగించినప్పుడు మా మరదలు మూడే కోరికలు చెప్పింది. అది పువ్వు పేరై ఉండాలి, పలకడానికి తేలికగా ఉండాలి, పిల్ల రేపు ఏ దేశం వెళ్లినా పరాయి పేరుగా వినిపించకూడదు. ఆమె మనసులో ముందే ఉన్న పేరు జాస్మిన్. “వదినా, దాని పుట్టుపూర్వోత్తరాలు మీరొకసారి చూడండి, అర్థం మంచిదైతే అదే ఖాయం చేద్దాం” అంది. అందుకోసం పేర్ల మూలం, అర్థం, ప్రాచుర్యం వివరిస్తామని చెప్పుకునే ఒక ఫోన్ యాప్‌కు చందా కట్టి మూడు వారాలు వాడాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక యాప్‌ను వేలెత్తి చూపడం కంటే, ఇటువంటి సేవను ఎంచుకునేవారు ఏ సంగతులు గమనించుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

చూపుకు యాప్ చక్కగా ఉంది. అక్షరాలు పెద్దవి, మధ్యలో ప్రకటనలు అడ్డురావు, ఒక పేరు నొక్కగానే మూలం, అర్థం, ప్రాచుర్యం, ఉచ్చారణ, పోలిన పేర్లు అన్న ఐదు భాగాలు వరుసగా తెరుచుకుంటాయి. నచ్చిన పేర్లను దాచుకొని ఇంట్లో మిగతావారికి పంపుకునే వీలు నాకు బాగా ఉపయోగపడింది.

అసలు చిక్కు అర్థం అన్న భాగంలోనే ఎదురైంది. జాస్మిన్ అంటే ‘దేవుని కానుక’ అని ఆ పుటలో మొదటి వాక్యంగా, పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చదవగానే మనసుకు హాయిగా ఉంటుంది, ఏ తల్లికైనా ముచ్చటగా ఉంటుంది, కాని అది నిజం కాదు. ఈ పేరుకు మూలమైన ‘యాసమన్’ పారసీక పదం, అది ఆ మొక్కకూ పువ్వుకూ పేరు మాత్రమే. అందులో దేవుణ్ణి సూచించే భాగం గాని, కానుకను సూచించే భాగం గాని లేవు. దేవుని కానుక అన్న అర్థం నిజంగా ఉన్న పేర్లు వేరే ఉన్నాయి: సంస్కృతంలో దేవదత్త, గ్రీకు మూలం నుంచి వచ్చిన థియోడోర్, డొరొతియా, పారసీకంలో ఖుదాదాద్. వీటిని విడదీస్తే దేవుడు ఒక ముక్కలోను, ఇవ్వడం లేదా కానుక మరొక ముక్కలోను స్పష్టంగా కనిపిస్తాయి. జాస్మిన్‌ను అలా విడదీయడానికి ఏమీ లేదు. అంతర్జాలంలో ఒకచోట కనిపించిన మాటను మరొకచోట ఎత్తి రాసుకుంటూ పోవడం వల్లనే ఇటువంటి అర్థాలు స్థిరపడిపోతాయని నా అభిప్రాయం. చందా తీసుకొని సమాచారం అమ్మేవారు ఒక నిఘంటువు తెరిచి చూసుకోవలసిన బాధ్యత ఉన్నవారు.

అదే పుటలో కింద ‘స్వచ్ఛత, తెల్లదనం’ అని కూడా రాశారు. ఇవి పదానికి అర్థాలు కావు, పువ్వును చూసి మనుషులు కల్పించుకున్న భావాలు. పదానికి ఉన్న అర్థం వేరు, పువ్వుకు ప్రతీకగా ఉన్న అర్థం వేరు అని ఒక చిన్న గీత గీసి చూపిస్తే సరిపోయేది. పైగా మల్లె, జాజి చేరిన ఈ ప్రజాతిలో దాదాపు 200 జాతులు ఉన్నాయి. ఎక్కువ తెల్లనివే అయినా, చలికాలంలో ఆకులు రాకముందే పసుపుపచ్చని పూలు పూసే జాతి కూడా వాటిలో ఉంది. ఈ సంగతులన్నీ మా మరదలికి చెప్పాను. దేవుని కానుక అన్న అర్థం లేదని తెలిస్తే నిరుత్సాహపడుతుందేమో అనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, “పువ్వు అన్న అర్థం చాలదా వదినా?” అని అడిగింది. ఆ మాట విన్నాక ఈ యాప్ రాతగాళ్ల మీద నాకు కోపం ఇంకా పెరిగింది. ఉన్న అర్థమే అందమైనది అయినప్పుడు లేనిదాన్ని తెచ్చి అతికించవలసిన అవసరం ఏమొచ్చింది?

మూలం అన్న భాగం తప్పు కాదు గాని, చాలా పొదుపుగా రాశారు. ‘పారసీకం, అరబ్బీ, ఫ్రెంచి’ అని మూడు మాటలు వేసి వదిలేశారు. పారసీకంలోని యాసమన్ అరబ్బీలో యాసమీన్ అయింది, అక్కడి నుంచి మధ్యయుగాల యూరప్‌కు చేరి ఫ్రెంచిలో స్థిరపడి, ఆ దారిలోనే ఇంగ్లీషులోకి వచ్చింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు ఈ ప్రజాతికి జాస్మినమ్ అన్న పేరే నిలిచింది. అయితే ‘య’తో మొదలయ్యే మాట ‘జ’తో మొదలయ్యేదిగా ఎలా మారింది అన్న సందేహం ప్రతి పాఠకుడికీ వస్తుంది, దానికి యాప్‌లో జవాబు లేదు. తెలుగువారికి ఇది చెప్పడం చాలా సులువు. తెలుగు బైబిలులో యోహాను, యాకోబు, యోసేపు అని చదివే పేర్లనే ఇంగ్లీషులో జాన్, జేకబ్, జోసెఫ్ అంటారు కదా. లాటిను లిపిలో ఒకప్పుడు ‘య’ ధ్వనికి వాడిన అక్షరం ఫ్రెంచి, ఇంగ్లీషు నోళ్లలో వేరే ధ్వనికి మారింది. యాస్మిన్, జాస్మిన్‌ల మధ్య ఉన్న తేడా కూడా ఆ కోవలోనిదే. కనుక ఈ రెండూ వేర్వేరు పేర్లు కావు, ఒకే పేరుకు రెండు రూపాలు. యాప్‌లో మాత్రం వాటికి రెండు విడి పుటలు ఉన్నాయి, ఒకదాని నుంచి మరొకదానికి దారి లేదు.

పోలిన పేర్లు అన్న భాగం నన్ను అన్నిటికంటే నిరాశపరిచింది. అక్కడ రోజ్, లిల్లీ, డెయిసీ, వయొలెట్ అన్న నాలుగే ఉన్నాయి. మల్లె, జాజుల పేర్లు లోకమంతా తిరిగిన తీరు ఎంత గొప్పదో రాసినవారికి తట్టలేదు. సంస్కృతంలోని మల్లిక చైనీయుల భాషలో మోలీ అయింది. దాన్ని రాసే అక్షరాలతోనే జపానులో ఆడపిల్లలకు మారి అన్న పేరు రాస్తారు. మన మాలతి ఇండోనేషియాకు చేరి మెలాతి అయింది, అక్కడ అది పువ్వుకూ పేరే, ఆడపిల్లకూ పేరే. ‘జాతి’ అన్న సంస్కృత పదానికి తద్భవమైన జాజి తెలుగులో ఉండనే ఉంది. జాస్మిన్ నచ్చిన తల్లిదండ్రులకు వీటిని చూపిస్తే ఎంపిక ఎంత విశాలమయ్యేదో!

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. రోజ్ పుటను మాత్రం శ్రద్ధగా రాశారు. గులాబీని సూచించే లాటిను మాటతో పాటు, కీర్తి అన్న అర్థం ఉన్న పాత జర్మానిక్ మూలం నుంచి వచ్చిన మధ్యయుగపు పేరు కూడా ఇందులో కలిసిపోయిందని స్పష్టంగా వివరించారు. డెయిసీ అంటే పాత ఇంగ్లీషులో ‘పగటి కన్ను’ అని, ఉదయం విచ్చుకొని సాయంత్రం ముడుచుకునే గుణం వల్ల ఆ పువ్వుకు ఆ పేరు వచ్చిందని రాశారు. ఇంత చేయగలిగినవారు జాస్మిన్ దగ్గర ఎందుకు అశ్రద్ధ చేశారో అర్థం కాలేదు.

ప్రాచుర్యం చూపే గ్రాఫు ఈ యాప్‌లోకెల్లా ఉత్తమమైన భాగం. అమెరికా సామాజిక భద్రతా సంస్థ ప్రచురించే, 1880 నుంచి లభించే జాబితాలను ఆధారంగా తీసుకున్నామని అందులో తెలిపారు, ఏ సంవత్సరం మీద వేలు పెట్టినా ఆ ఏటి స్థానం కనిపిస్తుంది. కాని గ్రాఫు కింది వ్యాఖ్యతో నేను ఏకీభవించలేను. 1992లో వచ్చిన డిస్నీ వారి ‘అల్లాద్దీన్’ సినిమా వల్లనే ఈ పేరు వ్యాపించిందని రాశారు. అదే గ్రాఫును జాగ్రత్తగా చూస్తే, 1980ల చివరికే ఈ పేరు అక్కడ మొదటి 100 పేర్లలో ఉందని తెలుస్తుంది. సినిమా ఆ వేడిని పెంచి ఉండవచ్చు గాని, దాన్ని రగిలించింది సినిమా కాదు. ప్రసంగవశాత్తు చెబుతున్నాను, పాత కథలో ఆ రాజకుమారి పేరు బద్రుల్‌బుదూర్, అంటే పున్నమి చంద్రులకే పున్నమి చంద్రుడని అర్థం. జాస్మిన్ అన్నది సినిమా వారు పెట్టిన పేరు. 2000 తర్వాత ఈ పేరు వాడుక క్రమంగా తగ్గుతూ వచ్చింది.

ఆ గ్రాఫులో గమనించుకోవలసినది ఇంకొకటి ఉంది. ఆ జాబితాలు ఒక్కొక్క ఇంగ్లీషు వర్ణక్రమాన్ని (స్పెల్లింగును) ఒక్కొక్క పేరుగా లెక్కిస్తాయి. చివర ఒక అక్షరం ఉన్న జాస్మిన్, లేని జాస్మిన్, మధ్య అక్షరం మారిన జాస్మిన్, యాస్మిన్, ఇవన్నీ వేర్వేరు వరుసల్లో ఉంటాయి. తరగతిలో ఇదే పేరున్న పిల్లలు ఎందరు ఉండవచ్చో ఊహించాలనుకునే తల్లిదండ్రులు వాటన్నిటినీ కలిపి చూసుకోవాలి. యాప్‌లో ఆ హెచ్చరిక లేదు. ఉచ్చారణ వినిపించే భాగంలో ఇంగ్లీషు పలుకు ఒక్కటే ఉంది. పారసీక, అరబ్బీ పలుకులు కూడా చేరిస్తే బాగుండేది.

ఈ సంగతులన్నీ వివరంగా రాసి యాప్ వారికి పంపాను. నాలుగో రోజున మర్యాదగా జవాబు వచ్చింది. వారం తిరిగేసరికి జాస్మిన్, యాస్మిన్ పుటల మధ్య దారి వేశారు, అందుకు కృతజ్ఞురాలిని. ‘దేవుని కానుక’ మాత్రం నేను ఇది రాసేనాటికి అలాగే ఉంది. ఐదింట మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అందులో రెండు గ్రాఫుకు, ఒకటి ఆ జవాబుకు. పాప పేరు జాస్మిన్ అనే ఖాయమైంది.